స్పినోజాకి గులాబీ పువ్వు తగిలించిన మా పెద్దన్నయ్య

పొద్దున ఆరుంపావుకి మా ఫ్యామిలీ గ్రూపులో పెద్దన్నయ్య గుడ్ మార్నింగ్ వచ్చి పడింది. మంచు చుక్కల గులాబీ, దాని కింద "స్పినోజా దేవుడు" అని ఇంత పొడుగు పేరా. స్పినోజా అంటే పదిహేడో శతాబ్దపు డచ్ తత్వవేత్త లెండి. దేవుడే నోరు విప్పి మాట్లాడుతున్నాడట. ప్రార్థనలు ఆపండి, ఆ చీకటి గుళ్లకి వెళ్లకండి, బయటికెళ్లి హాయిగా పాడుకోండి, నాకు మీరంటే ప్రేమ అని. వదిన ఒక దండం పెట్టింది. శనివారం గుడి మానని చిన్నాన్న అయిదు దండాలు పెట్టాడు, చదివితే కదా!

ఊరుకోవాల్సింది. "అన్నయ్యా, ఇది స్పినోజా రాసింది కాదు" అని పెట్టాను. "ఎవరు రాస్తే ఏంటమ్మా, మంచి మాటే కదా" అన్నాడు. రెండు నిమిషాల్లో నేను గ్రూపులో లేను. అడ్మిన్ ఎవరో వేరే చెప్పాలా?

ఎవరు రాస్తే ఏంటా? ఇంటి పన్ను రసీదు మీద మాత్రం ఎవరి పేరుందో కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూస్తావు కదా అన్నయ్యా!

స్పినోజా దేవుడికి నోరే లేదండీ. ఇష్టాలు లేవు, కోపాలు లేవు. దేవుడన్నా ప్రకృతి అన్నా ఆయనకి ఒకటే. నిజంగా దేవుణ్ణి ప్రేమించేవాడు, దేవుడు కూడా తనని తిరిగి ప్రేమించాలని ఆశపడలేడు అని తన పుస్తకం 'ఎథిక్స్' చివరి భాగంలో రాసిపెట్టాడు. త్రిభుజానికి మాటలొస్తే దేవుడు కూడా త్రిభుజంలాగే ఉంటాడంటుందని ఒక ఉత్తరంలో వెక్కిరించాడు. అలాంటివాడి దేవుడి చేత "నాకు మీరంటే ప్రేమ" అనిపించారు, గులాబీతో సహా.

ఆయన్నీ గ్రూపులోంచి తీసేశారు లెండి. 1656 జూలై 27న, ఆమ్‌స్టర్‌డామ్‌లో, సొంత యూదు సమాజమే. అప్పటికి ఆయనకి 23 ఏళ్లు. నాలుగు మూరల దూరంలోకి ఎవరూ రాకూడదు, ఒకే కప్పు కింద ఉండకూడదు, రాసింది చదవకూడదు. బతకడానికి లెన్సులు అరగదీశాడు. 1673లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ప్రొఫెసర్ ఉద్యోగం ఇస్తాం, మతాన్ని మాత్రం కదిలించకు అంటే, ఆ గీత ఎక్కడుందో నాకు తెలీదు, వద్దులెండి అన్నాడు. 1677లో 44 ఏళ్లకే పోయాడు. 'ఎథిక్స్' అచ్చయింది ఆ తర్వాతే, అదీ పూర్తి పేరు లేకుండా, పొడి అక్షరాలతో. తను రాసినదాని మీదే పూర్తి పేరు పడనివాడికి ఇప్పుడు తను రాయనిదానికి పేరు తగిలిస్తున్నారు!

ఇంకో సంగతి. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. తండ్రి ఆస్తి దగ్గర ఆయనకీ ఇంట్లోవాళ్లతో పేచీ వచ్చిందట. తోబుట్టువులు వాటా ఇవ్వం పొమ్మంటే కోర్టుకెళ్లి గెలిచాడట. గెలిచాక అంతా వాళ్లకే వదిలేసి ఒక్క మంచం తెచ్చుకున్నాడని ఆయన తొలి జీవితచరిత్రకారుల్లో ఒకాయన రాశాడు. చుట్టూ తెరలున్న మంచం. మన భాషలో పందిరి మంచం.

మాకూ ఉండేది. అమ్మ మమ్మల్ని ముగ్గుర్నీ దాని మీదే పెంచింది. తలవైపు కోడులో నేను పిన్నీసుతో చెక్కిన 'అ' అలాగే ఉండేది. ఇల్లు అడగలేదు, పొలం అడగలేదు, అడిగింది ఆ మంచమే. "నీ ఫ్లాట్‌లో ఎక్కడ పడుతుందమ్మా" అన్నాడు. పెళ్లికి పెట్టిన పసుపు కుంకుమల లెక్క కూడా వదిన చేత చెప్పించాడు. అమ్మ సంవత్సరీకానికి వెళ్తే ఆ గదిలో సోఫా కమ్ బెడ్ ఉంది.

నేను స్పినోజాని కాదు, కోర్టుకి వెళ్లలేదు, గెలవలేదు, వదిలేసిన గొప్ప కూడా నాకు లేదు. ఎనిమిదేళ్లయినా కడుపు మండుతూనే ఉంది. ఆ పెద్దమనిషి ఇవాళ స్పినోజా పేరు మీద ఆనందంగా పాడుకోమంటున్నాడు!

వదినా, నువ్వింకా గ్రూపులోనే ఉన్నావుగా, ఇది అక్కడ పెట్టు. పెట్టాక, ఆ మంచం కొన్న పాత సామాన్ల షాపువాడి నంబరుంటే నాకు పంపు.