చెట్టు కింద మట్టి ఎవరిది?

2016 నవంబర్ 17. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరం. తెల్లవారుజామున ఐదింటి ప్రాంతంలో రస్ట్‌లింగ్స్ రోడ్డులో పోలీసులు ఇళ్ల తలుపులు కొట్టి, బయట పెట్టిన కార్లు తీయమన్నారు. వచ్చిన పని ఎనిమిది చెట్లు కొట్టడం. అడ్డుపడిన వాళ్లలో రిటైరైన ఇద్దరు మహిళల్ని అరెస్టు చేశారు.

ఆ చెట్లన్నీ చీడపట్టి కూలడానికి సిద్ధంగా ఉన్నవేం కాదు. చాలావాటి తప్పల్లా వేర్లు ఫుట్‌పాత్‌ను కాస్త ఎత్తడం, అంచురాళ్లను పక్కకు నెట్టడం. అసలు కథ నాలుగేళ్ల ముందే మొదలైంది. 2012లో నగర కౌన్సిల్ రోడ్ల నిర్వహణను 25 ఏళ్లకు ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించింది. విలువ రెండు వందల కోట్ల పౌండ్ల పైమాటే. నగరంలో ఉన్న వీధి చెట్లు దాదాపు 36,000. వాటిలో 17,500 తీసేసి కొత్తవి నాటాలన్న అంకె ఆ కాంట్రాక్టులో ఉంది. ఆ సంగతి జనానికి తెలిసేసరికి 2018 వచ్చింది. అప్పటికే ఐదు వేలకు పైగా నేలకూలాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన ఒక బడి పూర్వ విద్యార్థుల గుర్తుగా 1919లో నాటిన వెస్టర్న్ రోడ్డు చెట్లలో కొన్ని కూడా కొట్టేయాల్సిన జాబితాకెక్కాయి. 2023లో స్వతంత్ర విచారణ నివేదిక వచ్చాక కౌన్సిల్ క్షమాపణ చెప్పింది.

షెఫీల్డ్ గురించి రాసేవాళ్లు ఎక్కువగా రంపాల గురించి, అరెస్టుల గురించి రాస్తారు. నాకు మాత్రం ఆ 2012 కాగితం దగ్గరే కన్ను ఆగుతుంది. చెట్ల తలరాత అక్కడే రాసేశారు. జనం రోడ్డెక్కింది ఆ తర్వాతే. ఏ నగరంలోనైనా దాదాపు ఇదే తంతు. మానుకు పెయింటుతో నంబరు వేసేనాటికి డిజైన్ అయిపోయి ఉంటుంది, టెండర్ ఖరారై ఉంటుంది. ఆ తర్వాత పిలిచే అభ్యంతరాలు పెళ్లయ్యాక జాతకాలు చూడటం లాంటివే.

కొట్టేస్తే కనీసం కనబడుతుంది. అంతకంటే ఎక్కువ చెట్లు ఎవరికీ కనబడకుండా పోతున్నాయి. ఒక ఫుట్‌పాత్ పని దగ్గర అరపూట నిలబడి చూడండి. జేసీబీ చెట్టు మొదలుకు రెండడుగుల దూరంలో కేబుల్ కోసం కాలువ తీస్తుంది. చేతి మందం వేర్లు తెగి, తెల్లటి చివర్లతో గోడకు వేలాడుతుంటాయి. సాయంత్రానికి పైపు వేసి, మట్టి కప్పి, దిమ్మిసతో కొట్టేస్తారు. మర్నాడు కాంక్రీటు మానును తాకేదాకా పోసి, పైన టైల్స్ పరుస్తారు. చెట్టు పచ్చగానే ఉంటుంది. ఫొటో తీస్తే ఏ లోపమూ కనబడదు. మూడేళ్లకో ఐదేళ్లకో తల కొమ్మలు ఎండుతాయి, ఓ గాలివానకు మొత్తం ఒరిగిపోతుంది. మర్నాడు వార్తల్లో ‘ఈదురుగాలులకు కూలిన భారీ వృక్షం’ అని వస్తుంది. కాలువ తవ్విన వాళ్ల పేరు ఎక్కడా ఉండదు.

చెట్టు ఎంత ఎత్తుంటే వేర్లు అంత లోతుకు పోతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువ వేర్లు పైన ఉండే రెండు మూడు అడుగుల మట్టిలోనే ఉంటాయి, కొమ్మల నీడ దాటి కూడా పాకుతాయి. నీళ్లూ గాలీ దొరికేది అక్కడే. బ్రిటన్ నిర్మాణ ప్రమాణాల లెక్కలో మాను వ్యాసానికి పన్నెండు రెట్ల దూరం వరకు వేర్ల రక్షణ ప్రాంతం. మూడడుగుల వ్యాసం ఉన్న మాను అయితే చుట్టూ 36 అడుగులు. ఇరుకు వీధిలో అంత జాగా ఎవరూ వదల్లేరు, ఒప్పుకుంటాను. కానీ ఒక అడుగు కూడా వదలకపోవడానికి సాకేమిటి? ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. పాదు వదలమని కోర్టు చెప్పాల్సి రావడమే విచిత్రం. మొక్క నాటే ఎవరికైనా తెలిసిన మొదటి పాఠం అదే కదా.

ఇక పరిహారం లెక్కలు. పశ్చిమ బెంగాల్‌లో రైల్వే ఓవర్‌బ్రిడ్జిల కోసం 356 చెట్లు కొట్టే కేసులో సుప్రీంకోర్టు నిపుణుల కమిటీ వేసింది. చెట్టు విలువ ఏడాదికి 74,500 రూపాయలని, వందేళ్లు దాటిన వారసత్వ వృక్షమైతే కోటి దాటుతుందని 2021లో ఆ కమిటీ తేల్చింది. అందులో పెద్ద వాటా ఆక్సిజన్‌ది. నాకు ఆ లెక్క మీద పెద్దగా నమ్మకం లేదు. చెట్టంటే ఆక్సిజన్ సిలిండర్ కాదు. వీధికి అది ఇచ్చే నీడనీ, తగ్గించే వేడినీ, ఆపే వరద నీటినీ పట్టుకుంటే వాదన ఇంకా గట్టిగా ఉండేది. అయినా కోటి అన్న మాటతో ఇక చెట్లు బతికినట్టే అనుకున్నారు చాలామంది. 2023లో అదే ప్రాజెక్టులో, జెస్సోర్ రోడ్డు మీద మూడు వందలకు పైగా చెట్లు కొట్టడానికి సుప్రీంకోర్టు ఒప్పుకుంది. వంతెన లేక పట్టాల మీద పోతున్న ప్రాణాల సంగతీ కోర్టు ముందుంది మరి. ధర కట్టినంత మాత్రాన చెట్టు ఆగదు. ధర చెల్లించడానికి సిద్ధపడేవాడు ఎప్పుడూ ఉంటాడు.

మహారాష్ట్ర 2021లో చట్టం మార్చి, 50 ఏళ్లు దాటిన చెట్టుకు వారసత్వ హోదా ఇచ్చింది. కొడితే దాని వయసెంతో అన్ని మొక్కలు నాటాలి. మంచి అడుగే. కానీ ఎనభై ఏళ్ల చెట్టు కొట్టి ఎనభై మొక్కలు ఊరి చివర ఖాళీ స్థలంలో నాటితే ఆ వీధిలో మధ్యాహ్నం నడిచేవాళ్లకు ఒరిగేదేమిటి? పోయిన నీడ ఇక్కడ, వచ్చే నీడ అక్కడ, అదీ ముప్ఫై ఏళ్లకు. చెట్టును పెకలించి వేరే చోట నాటే ట్రాన్స్‌లొకేషన్ కూడా అంతే. కొమ్మలన్నీ నరికి, వేర్లలో ఎక్కువ భాగం వదిలేసి తీసుకెళ్లిన మొద్దు చిగురిస్తే ఫొటో వస్తుంది. మర్రి, రావి లాంటివి మొండివి కాబట్టి తట్టుకుంటాయి, మిగతావి చాలా వరకు తట్టుకోవు.

ముసలి చెట్టుతో ప్రమాదమే లేదని నేననను. కొమ్మ విరిగి మనిషి మీద పడితే ప్రాణం పోతుంది, ఆ టెన్షన్ అధికారులకు న్యాయమైనదే. కానీ తొర్ర కనబడగానే కొట్టేయాలనడం తొందరపాటు. మాను లోపల బోలుగా ఉన్నా చుట్టూ గట్టి చెక్క సరిపడా ఉంటే గొట్టంలా నిలబడుతుంది. ఎంత మందం మిగిలిందో కొలిచే పరికరాలున్నాయి. అసలు చాలా చెట్లను ప్రమాదకరంగా మార్చేది మనమే: కరెంటు తీగల కోసం ఏటా ఒకవైపు కొమ్మలే నరికితే బరువంతా రెండోవైపు పడుతుంది, కింద వేర్లేమో తెగి ఉంటాయి.

సింగపూర్ 2001లో విడి చెట్లకే కాదు, కొన్ని రోడ్లకూ వారసత్వ హోదా ఇచ్చింది. అలాంటి ఐదు రోడ్లకు రెండువైపులా పది మీటర్ల పచ్చటి పట్టీకి చట్టం రక్షణ ఉంది. నాకు నచ్చింది ఇదే. అక్కడ కాపాడుతున్నది మానుల్ని ఒక్కటే కాదు, వాటి కింది నేలనీ, వరసనీ. వరసలో ఒకటి పోతే పక్కదానికి ఎండా గాలీ ఒక్కసారిగా తగులుతాయి. రెండోది పోవడానికి పెద్దగా సమయం పట్టదు.

ఇంత పెద్ద పథకం అన్ని నగరాలకూ కుదరకపోవచ్చు. కుదిరేది ఒకటుంది: రోడ్డు డిజైన్ గీసే మొదటి రోజున మ్యాపులో కరెంటు స్తంభం, మ్యాన్‌హోల్ ఉన్నట్టే ప్రతి పాత చెట్టూ, దాని వేర్ల వలయమూ ఉండాలి. ఆ వలయంలో జేసీబీ దించకూడదన్న షరతు టెండర్‌లోనే ఉండాలి. వేరు తెగితే బిల్లులో కోత పడాలి, ఐదేళ్ల దాకా కొంత డిపాజిట్ ఆపాలి. మొక్కలు నాటే కార్యక్రమాలంత అందంగా ఇది కనబడదు, రిబ్బన్ కటింగ్ కూడా ఉండదు.

షెఫీల్డ్‌లో 2018లో రంపాలు ఆగాక ఇంజినీర్లు, కౌన్సిల్, ఉద్యమకారులు కలిసి చెట్టు చెట్టు దగ్గరా నిలబడి చూశారు. కొట్టక తప్పదన్న చెట్లలో చాలావాటికి కావాల్సింది సన్నటి అంచురాయి, లేదంటే వేరు దగ్గర కాస్త ఏటవాలుగా పోసిన తారు.