మూడు గేర్ల పెద్దమనిషికి నోటీసు

మహారాజశ్రీ టీ-90 గేర్‌బాక్సు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, ఉన్న ఇద్దరిలో ఎవరం కుశలంగా లేము. తమరు కారుతున్నారు, నేను తుడుస్తున్నాను. ఇంట్లో పాత బనియన్లన్నీ అయిపోయాయి. అందుకని ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకున్నాం. మా సీజే-3బీ జీపులోంచి తమరిని దించేస్తున్నాం.

తమరి వంశాన్ని తక్కువ చేసే ఉద్దేశం లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన జీపుకి టీ-84 గేర్‌బాక్సు ఉండేది. యుద్ధం ముగిశాక మామూలు జనం కోసం వచ్చిన జీపులతో తమరు దిగారు. మా నాన్న ఉన్నన్నాళ్లూ తమరిని ఒక్క మాట అననివ్వలేదు. "మూడు గేర్లు చాలవట్రా? బాల్యం, యవ్వనం, ముసలితనం. మనిషికీ మూడేగా!" అనేవారు. మరి రివర్సు సంగతేమిటని అడిగితే చుట్ట వెలిగించుకునేవారు.

ఇక ఫిర్యాదులు. నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కుతుంటాం. మలుపులో ముందున్న లారీ నెమ్మదిస్తుంది. సెకండ్‌లో మన ఇంజిన్ గసపెడుతుంది. ఫస్టులోకి దించుదామంటే తమరి ఫస్టుకి సింక్రో, అంటే పళ్లని గొడవ లేకుండా కలిపే ఏర్పాటు, లేదు. బండి పూర్తిగా ఆపాలి, లేదా క్లచ్ రెండుసార్లు తొక్కి డబుల్ క్లచ్ కొట్టాలి. కొట్టడంలో రవ్వంత తేడా వచ్చిందా, తమరు పళ్లు కొరుకుతారు. ఆ చప్పుడికి వెనక స్కూటరతను నా వైపు చూసే చూపుంది చూశారూ, అది తమరికి పడాల్సింది.

దిగేటప్పుడు ఇంకో ముచ్చట. సెకండ్‌లో వేసి యాక్సిలరేటర్ వదిలేస్తే బండిని పట్టి ఉంచాల్సిన తమరు, సరిగ్గా వాలు మొదలవగానే న్యూట్రల్‌లోకి జారుకుంటారు. కిందటి చలికాలం ఘాట్ మొత్తం మా మావయ్య పక్క సీట్లో కూర్చుని, గేరు రాడ్డుని రెండు చేతులా పట్టుకుని దిగాడు, పలుపు తెంపుకోబోయే దూడని పట్టుకున్నట్టు. మధ్యలో దోమ కుట్టినా చెయ్యి తియ్యలేదు. ఇప్పుడాయన మా జీపు ఎక్కనంటున్నాడు.

"లో గేరుందిగా, వేసుకోండి" అని తమరు అడ్డం తిరగొచ్చు. ఉంది, తమరి వెనకున్న ట్రాన్స్‌ఫర్ కేసులో, అంటే ముందు వెనక చక్రాలకి బలం పంచే పెట్టెలో. కానీ ఆ లో పడాలంటే ముందు చక్రాలు కూడా కలపాలి. ఎండిన తారు రోడ్డు మీద మలుపు తిరిగితే ముందు చక్రాలు నడిచే దూరం వేరు, వెనక చక్రాలది వేరు. మధ్యలో సర్దిచెప్పే డిఫరెన్షియల్ లేదు. బండి బిగుసుకుపోతుంది. బురదలో బంగారం, తారు మీద తద్దినం.

సరే, తమరి స్థానంలో ఎవరిని కూర్చోబెట్టాలి? ఈ మాట బయటికి పొక్కగానే సలహాలు ఊడిపడ్డాయి. అందరిదీ ఒకటే ప్రశ్న: "అయిదు గేర్లేనా?" పెళ్లికొడుకు జీతం అడిగినట్టు అంకె ఒక్కటే అడుగుతారు, ఫస్టు గేరు ఎంత లాగుతుందో ఒక్కడూ అడగడు.

మొదటి సంబంధం బీఏ-10. పేరు విని చదువుకున్న బాక్సు కాబోలనుకున్నాను. ప్యూజో వాళ్ల అయిదు గేర్లది, రెండు చెక్కలుగా అతికే అల్యూమినియం ఒళ్లు. అమెరికాలో 1987 నుంచి జీప్ రాంగ్లర్‌లో పెట్టారు. దాని నాజూకుతనం మీద ఎంత పేరొచ్చిందంటే, 1989లో తీసేసి ఐసిన్ వాళ్ల ఏఎక్స్-15 పెట్టుకున్నారు. అక్కడ విడాకులైన సంబంధం మనకెందుకు?

రెండోది, 2010లో వచ్చిన థార్‌లోని ఎన్‌జీటీ-530. అమ్మేవాడు "బోల్ట్ టు బోల్ట్ కూర్చుంటుందండీ, రెండ్రోజుల పని" అన్నాడు. టేపు పెట్టి కొలిస్తే తెలిసింది. మా జీపు ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 80 అంగుళాలే. బాక్సు ఎంత పొడుగు పెరిగితే వెనక ప్రొపెల్లర్ షాఫ్టు అంత కురచవుతుంది, అంత నిటారుగా వాలుతుంది. ఆ వాలుకి షాఫ్టు కీళ్లలోని క్రాసులు వణుకుతాయి. పైగా మన ట్రాన్స్‌ఫర్ కేసు దానికి తగులుకోదు. దాని కేసే పెట్టుకుందామంటే వెనక షాఫ్టు ఏ పక్కకి వస్తుందో, వెనక ఇరుసు మీద ఉబ్బెత్తుగా ఉండే మన హౌసింగ్ గుడ్డు ఏ పక్కకి ఉందో చూడాలి. క్లచ్ ప్లేటు వేరు, బెల్ హౌసింగ్ వేరు, మౌంటింగులు వేరు. గేర్‌బాక్సు ధర అడిగితే చెప్తారు, దాని బంధువుల ఖర్చు ఎవరూ చెప్పరు.

ఇంతా చేసి అయిదో గేరు నాకేం చేస్తుంది? ఇరుసు లెక్క 5.38, అంటే షాఫ్టు అన్నిసార్లు తిరిగితే చక్రం ఒక్కసారి. టాపులో ఇంజిన్ 3,000 తిరుగుతుంటే 70 చిల్లర వేగం. అయిదో గేరుతో 90 అందుకోవచ్చు. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. అందుకున్నాక ఆపేదెవరు, మావయ్యా?

మూడోది టెక్సాస్ నుంచి వచ్చింది. అక్కడున్న మా బావమరిది ఫోన్లో లెక్క కట్టాడు. తమరి ఫస్టు 2.798. దాన్ని ఇరుసు లెక్కతో గుణించాలి. లో కాకుండా మామూలుగా అయితే, చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజిన్ 15 సార్లు తిరగాలి. లో వేస్తే దాన్ని ఇంకో 2.46తో గుణించి 37. అదే పాత టీ-98 గేర్‌బాక్సు పెట్టామనుకోండి, ఫస్టు 6.4. లో వెయ్యకుండానే 34! అంటే తారు రోడ్డు మీద, వెనక చక్రాలతోనే, దాదాపు తమరి లో బలం. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. తెల్లారి అడిగాను, వచ్చేటప్పుడు ఒకటి తెస్తావా బావా అని. పోత ఇనుము కదా, రెండు సూట్‌కేసుల బరువు కోటా కలిపినా చాలదన్నాడు. చాక్లెట్లు తెస్తానన్నాడు.

చివరికి మన మేస్త్రి షెడ్డులో మూల నుంచి గోనెపట్టా తీసి చూపించాడు. నాలుగు గేర్ల కేఎంటీ-90. మన జీపులకే తర్వాతి రోజుల్లో వచ్చిందే, దూరపు చుట్టం కాదు. ఫస్టు తమరికన్నా బాగా లాగుతుంది, టాపు తమరిలాగే డైరెక్టు, ఇంజిన్ ఎంత తిరిగితే షాఫ్టు అంతే. టీ-98 అంత మొండిది కాదు, నా ఇరుసుకి అదే నయం. వెనకున్న ట్రాన్స్‌ఫర్ కేసునీ, దాని చిరాకుల్నీ ఉంచేసుకోవచ్చు. ఆ కేసుతో తమరిది ఉమ్మడి కుటుంబం కదా, తమరి ఆయిలు దానిలోకి జారి, అక్కణ్నుంచి నా గచ్చు మీదికి. కొత్తవారొచ్చాక సీలు మార్చి వేరు కాపురం పెట్టిస్తానని మేస్త్రి మాటిచ్చాడు. ఎన్ని రోజుల పని అంటే మాత్రం "రెండ్రోజులు బాబుగారూ" అనే అన్నాడు. ఇది మూడో వారం.

తమరిని పాత ఇనుముకి వెయ్యను. గోనెపట్టా కప్పి ఆ మూలే కూర్చోబెడతాం. ఒక్క కోరిక మిగిలింది. గేరు రాడ్డు మీదున్న నాబ్, నాన్న బొటనవేలికి అరిగి ఒక పక్క నున్నగా పల్లమైంది. దాన్ని తీసి కొత్త రాడ్డుకి బిగించమన్నాను. మర కలవలేదట. లేత్ షాపుకి పంపించాం.

ఇట్లు,
తమరి కింద రోజూ పాత పళ్లెం పెట్టే
జీపు ఓనరు