కర్ణం గారూ, కాస్త సైటుకు దయచేయండి

మహారాజశ్రీ కర్ణం గారికి,
నైరుతి మేకు నుంచి ఈశాన్యం మేకు వరకు,
ముగ్గు పోసిన జాగా, చీపురుపల్లి, విజయనగరం జిల్లా.

అయ్యా,

ఊరి కరణాల ఉద్యోగాలు 1984లో ఊడాయి. పేరు దగ్గరగా ఉండబట్టో ఏమో, ఆ ఉత్తర్వులో మీరూ పోయారని అందరూ అనుకున్నట్టున్నారు. పునాది దగ్గరకు మిమ్మల్ని పిలిచే నాథుడు లేడు.

బడిలో మాత్రం మీకు పెద్ద పీటే. భుజాల వర్గాల మొత్తం కర్ణం వర్గానికి సమానమని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పిన కుర్రాడు, సొంతింటికి ముగ్గు పోసే నాడు మీ మొహం చూడడు. మీరేమైనా నిన్న మొన్న పుట్టారా? బౌధాయన శుల్బసూత్రాల్లో వేదిక కోసం మూల నుంచి మూలకు లాగిన తాడు మీరే. ఇప్పుడు ఆ తాడు ఉంది, మేకులున్నాయి, మీరే లేరు.

మీ కుర్చీలో, మూల సరిగ్గా ఉందో చూసే L ఆకారపు మూలమట్టం కూర్చుంది. అడుగున్నర చెయ్యి దానిది. ఎప్పుడో కిందపడి ఒక నూలు వంగింది, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఆ చూపును 30 అడుగుల గోడకు సాగదీస్తే రెండున్నర అంగుళాలు పక్కకు పోతుంది. మేస్త్రిని అడిగితే, "ఏటవుద్ది బాబూ, పూతలో సర్దీద్దుం" అంటారు. అర అంగుళం పూత రెండున్నర అంగుళాలను ఎలా మింగుతుందో ఆ సిమెంటుకే తెలియాలి.

30కి 40 జాగా తీసుకోండి. మూల సరిగ్గా ఉంటే మీరు 50 అడుగులు, అటు కొలిచినా ఇటు కొలిచినా. నాలుగు భుజాలూ సరిపోయి, ఒక మూల నుంచి 50 అడుగుల 3 అంగుళాలు, రెండో మూల నుంచి 49 అడుగుల 9 అంగుళాలు వచ్చిందంటే, 30 అడుగుల గోడ పావు తక్కువ 4 అంగుళాలు వాలిపోయినట్టు. ఈ సంగతి గోడలు లేచినప్పుడు తెలీదు, స్లాబు పోసినప్పుడూ తెలీదు. టైల్స్ వేసేవాడు వచ్చాక తెలుస్తుంది. పది అడుగుల గదిలో గోడ వెంబడి ముక్క ఒక కొసన 3 అంగుళాలు, రెండో కొసన నాలుగుంబావు. అప్పుడు తిట్లు తినేది టైల్స్ వాడు.

పెరిగిన మూల ఈశాన్యమైతే ఎవరికీ బాధ లేదు. "వాస్తుకు కావాలనే పెంచాం" అనేస్తారు. ఆగ్నేయమైతే మాత్రం దారం పట్టుకున్న కూలివాడిది తప్పు. ఆయం (వాస్తు కొలతల లెక్క) కుదరాలని అంగుళాలు లెక్కబెట్టే ఇంట్లో మిమ్మల్ని కొలవడానికి రెండు నిమిషాలు దొరకవు.

మేస్త్రిని పూర్తిగా అనలేం. ఆయన జేబు టేపు 5 మీటర్లది, 16 అడుగుల చిల్లర. మీ 50 అడుగులు అందులో ఎక్కడ పడతాయి? అయినా మీ చిన్న రూపాలున్నాయిగా. 3, 4 అడుగుల భుజాలకు 5 అడుగుల మీరు, అదే 3-4-5, అందరికీ తెలుసు, తప్పంతా అక్కడే. అందులో 5 దగ్గర ఒక నూలు తప్పు చదివితే 30 అడుగుల కొసకు అంగుళంన్నర తేడా. అదే నూలు 9-12-15లో తప్పితే అర అంగుళమే. పైగా 15 అడుగులు జేబు టేపులో సుఖంగా పడుతుంది. రోడ్డు వైపు దారం మీద మూల మేకు నుంచి 12 అడుగులకు గుర్తు, అడ్డ దారం మీద 9కి గుర్తు, ఆ రెండింటి మధ్య 15 వచ్చేదాకా అడ్డ దారం కొస మేకు జరపడం. దారం బిగించాకే గుర్తు పెట్టాలి. ముందు పెట్టి తర్వాత బిగిస్తే నైలాన్ సాగి గుర్తునూ లాక్కుపోతుంది. టేపు కొక్కెం అరిగి ఆడుతుంటే ఒకటో అడుగు గీత నుంచి పట్టడం మంచిదే, ఆ అడుగు చివర్లో తీసేయడం మరిచిపోకపోతే.

మీ మీదా ఒక ఫిర్యాదుంది. రెండు కర్ణాలూ సమానం వస్తే మూలలు కుదిరాయని నమ్మించేస్తారు. ముందు గోడ 30, వెనక గోడ 29న్నర, పక్కవి రెండూ సమానంగా ఉన్నా మీరిద్దరూ సమానంగానే నవ్వుతారు. ఎదురెదురు భుజాలు కూడా కొలవమని ఒక్క ముక్క చెప్పొచ్చు కదా!

పెంకుటింటి వాసం దగ్గరా ఇదే వరస. నడుమ నుంచి గోడకు 6 అడుగులు, ఎత్తు 3 అడుగులు అయితే వాసం 6 అడుగుల 8న్నర అంగుళాలు, చూరు అదనం. మిమ్మల్ని అడక్కుండా కోసిన వాసానికి తర్వాత అతుకు పడుతుంది.

శంకుస్థాపన గురువారం పొద్దున్నే. పంతులుగారు, కొబ్బరికాయలు, నవధాన్యాలు సిద్ధం. 30 మీటర్ల టేపు పక్క వీధిలో అడిగి తెస్తున్నాం. ముహూర్తానికి అరగంట ముందే వచ్చి ముగ్గులో ఈ మూల నుంచి ఆ మూలకు ఒకసారి, మిగతా రెండు మూలల మధ్య ఇంకోసారి పడుకుని వెళ్ళండి.

ఇట్లు,
ఆగ్నేయం మేకు దగ్గర టేపు కొస పట్టుకున్నవారు.

తా.క.: జాగా వాలుగా ఉంది. 50 అడుగులకు 2 అడుగుల పల్లం ఉంటే నేల మీద టేపు మిమ్మల్ని అర అంగుళం ఎక్కువ చూపిస్తుంది. నీళ్ళు నింపిన లెవెల్ పైపుతో మట్టం చూసి దారాలు పైకి కడతాం. పైపులో గాలి బుడగ ఉంటే మాత్రం మమ్మల్ని అనకండి.