మోడల్ చెప్పే చమురు లెక్కకు బావి పరీక్షే ఆధారం

కాకినాడ తీరానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, ఓఎన్‌జీసీకి చెందిన కేజీ-డీడబ్ల్యూఎన్-98/2 బ్లాకులో 2024 జనవరి 7న చమురు ఉత్పత్తి మొదలైంది. బావులు సముద్రం అడుగున, చమురును వేరుచేసి నిల్వ ఉంచే ఎఫ్‌పీఎస్‌వో నౌక నీటి పైన. ఇలాంటి క్షేత్రాల్లో అనేక బావుల చమురు ఒకే గొట్టంలో కలిసి వస్తుంది. అమ్మకపు మీటరు మొత్తాన్నే చూపిస్తుంది. ఏ బావి వాటా ఎంతో తేల్చడానికి వర్చువల్ ఫ్లో మీటర్లు వాడతారు. పీడనం, ఉష్ణోగ్రత, బావి ప్రవాహాన్ని అదుపు చేసే చోక్ వాల్వ్ ఎంత తెరిచి ఉందన్న వివరాలను బట్టి ప్రవాహాన్ని గణించే సాఫ్ట్‌వేర్ మోడల్ ఇది. పనికొచ్చేదే. కానీ దాని మీద పెట్టే డబ్బులో కొంత తగ్గించైనా సెన్సర్ల తనిఖీకి, ఒక్కో బావి ప్రవాహాన్ని విడిగా కొలిచే బావి పరీక్షలకు కేటాయించాలి.

ఎందుకో ఒక లెక్క చూడండి. చోక్‌కు ముందు పీడనం 60 బార్, తర్వాత 56 బార్. తేడా 4 బార్. రెండు సెన్సర్లూ చెరో అర బార్ ఎదురెదురు దిశల్లో తప్పితే తేడాలో పొరపాటు 1 బార్, అంటే 25 శాతం. ప్రవాహం ఆ తేడా వర్గమూలాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఉత్పత్తి లెక్క 12, 13 శాతం తప్పుతుంది. తెర మీద గ్రాఫ్ మాత్రం నున్నగా, నమ్మదగినట్టే కనిపిస్తుంది. దీనికి ఖర్చులేని మందు ఉంది. బావి ఏ కారణంతో ఆగినా, చోక్ తెరిచే ఉండి ప్రవాహం పూర్తిగా నిలిచినప్పుడు రెండు రీడింగులూ ఒకటే కావాలి. కాకపోతే ఆ తేడాను నమోదు చేసి సరిదిద్దాలి. ఈ అవకాశాన్ని ఎవరూ వదులుకోకూడదు.

ఇసుక మరో చిక్కు. అది చోక్‌ను లోపల అరగదీస్తుంది. చోక్ అంతే తెరిచి ఉన్నా ఎక్కువ ప్రవాహం పోతుంది, మోడల్ తక్కువ చూపిస్తుంది. చమురుతో పాటు బావి నుంచి వచ్చే నీరు పెరిగితే, పాత పరీక్షల డేటాతో నేర్చుకున్న మెషీన్ లెర్నింగ్ మోడల్ తాను ఎన్నడూ చూడని స్థితిలో ఊహిస్తుంది. ఇదే కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లో 2009లో మొదలైన డీ1-డీ3 గ్యాస్ క్షేత్రాలను నీరు, ఇసుక, పడిపోయిన పీడనం దెబ్బతీశాయి. 2020 ఫిబ్రవరిలో అవి మూతపడ్డాయి.

మరి పరీక్షలు ఎందుకు వాయిదా పడతాయి? ఒక బావి చమురును విడిగా కొలవడానికి ప్రత్యేక గొట్టం, అంటే టెస్ట్ లైన్, లేకపోతే ఒక బావిని ఆపి, మొత్తం ఎంత తగ్గిందో చూడాలి. ఆ తగ్గుదలే ఆ బావి వాటా అనుకుంటే పొరపాటు. దాన్ని ఆపగానే గొట్టంలో ఎదురు పీడనం తగ్గి మిగతా బావులు ఎక్కువ ఇస్తాయి, అసలు వాటా కంటే తగ్గుదల చిన్నగా కనిపిస్తుంది. పైగా 98/2 చమురులో మైనం శాతం ఎక్కువ. అందుకే అక్కడ చమురు వేడి పోకుండా గొట్టంలో గొట్టం అమర్చే పద్ధతి వాడారు. ఇలాంటి చమురు కదలకుండా చల్లబడితే గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది కనుక ఆపడానికి జంకడం సహజం. అందుకే టెస్ట్ లైన్‌ను డిజైన్ దశలోనే పెట్టుకోవాలి. తర్వాత సముద్రం అడుగున చేర్చాలంటే ఖర్చు అనేక రెట్లు పెరుగుతుంది.

రోజూ చూడాల్సిన అంకె ఒకటుంది: బావుల అంచనాల మొత్తంతో అసలు మీటరు రీడింగును భాగిస్తే వచ్చే నిష్పత్తి. అది 1కి దగ్గరగా ఉన్నంత మాత్రాన అన్ని బావుల లెక్కా సరైనట్టు కాదు, ఒకదాని తప్పు మరొకదాని తప్పును కప్పేయవచ్చు. కానీ ఆ నిష్పత్తి వారాల తరబడి ఒకే దిశలో జరుగుతుంటే వెంటనే మోడల్‌ను సవరించకూడదు. ముందు సెన్సర్లు, చోక్ చూడాలి, తర్వాత అనుమానం ఉన్న బావిని పరీక్షకు పెట్టాలి.