కౌంటర్‌కి రెండు పక్కలా మన ఆడపిల్లలే

పోయిన వారం మా పేపర్ ఆఫీసుకి ఒక ఉత్తరం వచ్చింది. నోటుబుక్కులోంచి చించిన నాలుగు కాయితాలు, రెండు పక్కలా రాసి ఉండాయి. రాసింది కోవూరు దగ్గర పల్లెటూరి అమ్మాయి, 22 ఏళ్లు, డిగ్రీ అయిపోయింది, నెల్లూరులో ఒక బట్టల షాపులో చీరల సెక్షన్‌లో పని చేస్తా ఉంది. నా పేరు వెయ్యొద్దు, షాపు పేరు అసలే వెయ్యొద్దు, పని పోతే ఇంట్లో ఏం చెప్పాలో తెలీదు అని మొదటి లైన్లోనే రాసింది, అందుకే వెయ్యడం లేదు. కానీ ఆ పిల్ల అడిగిన మాటలు మమ్మల్ని నాలుగు రోజులు నిద్రపోనివ్వలేదు, అందుకని ఈరోజు ఈ జాగా ఆమెకే ఇస్తా ఉన్నాం.

పెళ్లిళ్ల సీజన్లో ఆమె పని ఎట్టా ఉంటదంటే, పొద్దున తొమ్మిదింటికి పెన్న బ్రిడ్జి దాటి బస్సు దిగితే మళ్లీ రాత్రి తొమ్మిదిన్నరకి ఎక్కడమే. ఒక పెళ్లి బృందం వస్తే ఎనిమిది మంది కూర్చుంటారు, వాళ్ల ముందు డెబ్బై ఎనభై చీరలు విప్పి పరవాలి, ఒక్కోటి భుజం మీద వేసుకుని చూపించాలి, వాళ్లు రెండు తీసుకుని లేచి పోతే మిగిలినవన్నీ మళ్లీ అదే మడత మీద, జరీ నలగకుండా, మడత పెట్టాలి. కొనేవాళ్లకి మెత్తటి పరుపు, కూల్‌డ్రింకు. చూపించే పిల్లకి కూర్చోడానికి స్టూలు లేదు. ఖాళీగా ఉన్నప్పుడు కూడా కూర్చోకూడదు, కెమెరాలో కనపడితే సూపర్‌వైజర్ కేకేస్తాడు. "సాయంత్రానికి చెప్పుల్లో కాలు పట్టదు, నెలసరి రోజుల్లో అయితే ఇంక చెప్పలేను" అని రాసింది. ఈ మాట చదివిన మా డెస్కులో ఆడవాళ్లు ఎవరూ కాసేపు మాట్లాడలేదు.

ఇది మన దగ్గర ఒక్క షాపు సంగతి కాదు. ఒంగోలు వెళ్లి చూడండి, టంగుటూరు నుంచి చీమకుర్తి నుంచి వచ్చే పిల్లలు ఇట్టాగే నిలబడి ఉంటారు. కేరళలో కోజికోడ్ బజారులో పనిచేసే ఆడవాళ్లు ఇదే బాధ మీద ఏళ్ల తరబడి కొట్లాడితే 2018లో అక్కడి ప్రభుత్వం షాపుల చట్టం సవరించి పనిచేసేవాళ్లకి కుర్చీ ఇవ్వాల్సిందే అన్నది, తర్వాత 2021లో తమిళనాడు కూడా అదే పని చేసింది. అంటే తడ దాటి అవతలికి పోతే సేల్స్‌గర్ల్ కూర్చోవడం ఒక హక్కు. మన షాపుల ఓనర్లు కూడా వచ్చే సీజన్ లోపు కౌంటర్ వెనకాల నాలుగు స్టూళ్లు వెయ్యొచ్చు, ఒక పట్టుచీర ధరలో అయిపోయే పని.

అయితే ఆ పిల్ల ఎక్కువ బాధపడింది కాళ్ల నొప్పులకి కాదు, ఒక అబద్ధానికి. షాపులో పవర్‌లూమ్ చీరలు కొన్నిటిని చేనేత అని చెప్పి అమ్మమన్నారంట. ఎక్కువ అమ్మితే ఇన్సెంటివ్. ఒకరోజు వెంకటగిరి చీర కావాలని ఒక ముసలామె వచ్చింది, మనవరాలి పెళ్లి. ఈ అమ్మాయి చెప్పమన్న మాట చెప్పింది. ఆ అవ్వ ఏమీ అనకుండా చీర తిరగేసి లోపలి పక్క చూసింది, చీర మీద పువ్వు బుటాల దగ్గర తెగిన పోగులు వేలాడతా ఉండాయి. చేత్తో నేసిన జాందానీ, అంటే నేసేటప్పుడే బుటా పొదిగే పని, అయితే బుటా రెండు పక్కలా ఒకే రకంగా ఉంటది. తర్వాత అంచు పట్టుకుని వెలుతురుకి చాపింది, మగ్గం మీద బట్ట సాగదీసి బిగించేటప్పుడు పడే సన్న సూది చిల్లులు అంచు వెంబడి ఉండాలి, ఒక్కటీ లేదు. "మా ఇంట్లో మగ్గం ఉండేది తల్లీ" అని మాత్రం అని చీర మడిచి ఈమె చేతిలో పెట్టి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది అని రాసింది ఈ అమ్మాయి. ఆ రోజు నుంచి తనకి ఇన్సెంటివ్ తగ్గింది, ఎందుకంటే ఇప్పుడు అడిగితే నిజం చెప్పేస్తా ఉంది, అడక్కపోతే ఊరుకుంటా ఉంది. అడక్కపోతే ఊరుకోవడం తప్పా కాదా అని మమ్మల్ని అడిగింది.

అమ్మా, తప్పు నీది కాదు అని మేము చెప్పగలం. జీతం ఇచ్చేవాడు చెప్పించిన అబద్ధం బరువు జీతం తీసుకునే పిల్ల ఒక్కతే మొయ్యక్కర్లేదు. కానీ నీ మనసు ఊరుకోకపోవడం మాకు ధైర్యం ఇస్తా ఉంది. ఈ కాలం పిల్లలకి రీల్సు తప్ప ఏం పట్టవు అని రోజూ అనే పెద్దవాళ్లకి ఈ ఒక్క పేజీ చదివి వినిపించాలని ఉంది. కొనేవాళ్లకి కూడా ఒక మాట, చీర తిరగేసి చూడండి, హ్యాండ్‌లూమ్ మార్క్ ఉందా అని అడగండి. అడిగితే ఆ పిల్లలకి నిజం చెప్పే వీలు దొరుకుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆమె జీతం 11 వేలు. అందులో నెలకి 3 వేలు బంగారం షాపులో స్కీమ్ కడతా ఉంది, 11 కంతులు, అయిపోగానే మళ్లీ ఇంకోటి మొదలు. ఎవరికి అంటే ఆమె పెళ్లికే. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయింది కదా, ఆ మిగిలిన చార్జీ డబ్బులు కూడా వాళ్ల అమ్మ అందులోకే వేయిస్తా ఉంది. మొన్న ఒక సంబంధం వాళ్లు పది సవర్లు అన్నారంట. ఈ అమ్మాయి బిల్లు కౌంటర్‌లో కాలిక్యులేటర్ తీసుకుని లెక్క వేసింది. సవర అంటే 8 గ్రాములు, పది సవర్లు 80 గ్రాములు. 2025 ఏప్రిల్లో పది గ్రాముల బంగారం లక్ష తాకింది కదా, ఆ రేటునే పట్టుకుని 22 క్యారెట్లకి తగ్గించి వేసినా ఏడు లక్షల పైమాట, దాని మీద తరుగు, మజూరీ, జీఎస్టీ వేరే. ఏడాదికి 36 వేలు కడతా పోతే ఇరవై ఏళ్లు. "అప్పటికి నాకు 42 వస్తాయి సార్, అప్పుడు చేసుకోమంటారా" అని రాసింది. ఆ తర్వాత ఒక లైను కొట్టేసి ఉంది, మళ్లీ రాసింది. "నా కట్నం నేనే నిలబడి సంపాదించుకుంటా ఉన్నాను."

ఈ మాట మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్ని వేల మంది ఆడపిల్లలది. రొయ్యల ఫ్యాక్టరీలో చలికి వేళ్లు కొంకర్లు పోతా ఉండే పిల్లలు, ప్రైవేటు స్కూల్లో టీచర్లు, ల్యాబుల్లో, మెడికల్ షాపుల్లో పని చేసే పిల్లలు, అందరి జీతాలూ ఒక దారినే పోతా ఉండాయి. ఇంట్లో అన్నకి బైకు ఈఎంఐ ఉంటది, అది వాడి సరదా అంటారు, వాడి జీతం వాడిది. చెల్లి జీతం మాత్రం ఆమె పెళ్లిది. ఆమె ఒక వెయ్యి రూపాయలు పెట్టి కంప్యూటర్ కోర్సులో చేరతానంటే దుబారా, అదే మగ్గం వర్క్ బ్లౌజుకి ఆరు వేలు పెడితే అవసరం. ఈ తేడా ఎక్కడ నుంచి వచ్చిందో మనం ఒకసారి కూర్చుని ఆలోచించాలి, ఎందుకంటే మార్కెట్ మన కోరికల మీద నడుస్తా ఉంది అనుకుంటాం గానీ మన ఊళ్లో అది ఎక్కువ నడిచేది మన భయాల మీద. పిల్లకి తక్కువ పెట్టారు అంటారేమో, నల్లగా ఉంది అంటారేమో, అత్తగారి ముందు మాట పడుతుందేమో, ఈ "ఏమో"ల మీదే క్రీములు, నగలు, ఫంక్షన్ హాళ్లు, డ్రోన్ కెమెరాలు అన్నీ అమ్ముడు పోతా ఉండాయి. బిల్లు మాత్రం ఆడపిల్ల పేరు మీద.

రాత్రి పదింటికి ఇల్లు చేరి గిన్నెలు కడిగేది కూడా ఆమే అని వేరే చెప్పక్కర్లేదు. 2019లో కేంద్రం దేశమంతా జనం రోజులో ఏ పనికి ఎంత సేపు పెడతా ఉండారో సర్వే చేస్తే, ఇంటి పని చేసే ఆడవాళ్లు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు అని తేలింది, అది కూడా ఇంటి పని ముట్టుకునే మగవాళ్లే నూటికి 26 మంది.

కొందరు పాఠకులు అంటారు, పిల్లలే ఎగబడి కొంటా ఉంటే ఎవరిని అనాలి అని. నిజమే, కొంటా ఉండారు, ఫోన్లో చూసి పక్కింటి పెళ్లిలో చూసి అట్టాగే కావాలంటా ఉండారు. కానీ ఇరవై రెండేళ్ల పిల్లకి మన ఇళ్లల్లో ఆమె ఇష్టప్రకారం జరిగేది ఆ ఒక్క రోజు అలంకారమే అయినప్పుడు దాన్నే గట్టిగా పట్టుకుంటది. చదువు, ఊరు, ఉద్యోగం, మొగుడు, ఇవి ఎంచుకునే వీలు ఇచ్చి చూడండి, లెహంగా మీద అంత పట్టుదల ఉంటదా అని.

ఏది అమ్మాలో ఏది అమ్మకూడదో ఆడవాళ్లు తేల్చిన జిల్లా మనది. కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాలు నేర్చుకునే క్లాసుల్లో కూర్చున్న ఆడవాళ్లు, రోశమ్మ గారు ముందుండి, మా ఊళ్లోకి సారా రావడానికి లేదు అన్నారు. మగోడు తాగితే వాడి బలహీనత అని సర్దుకుపోలేదు, వాళ్ల కూలి డబ్బులు ఏ దారిన ఏ కొట్టులోకి పోతా ఉండాయో చూసి ఆ కొట్టు దగ్గరికే పోయారు, నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్ 15న మన జిల్లాలో, అదే ఏడాది అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా ఆగింది. చదువు పెద్దగా లేని అమ్మలు చేసిన లెక్క అది. ఇప్పుడు వాళ్ల మనవరాళ్ల ఈడు పిల్ల షాపు కాలిక్యులేటర్ మీద చేసిన లెక్క కూడా అదే రకం, నా కష్టం ఎక్కడికి పోతా ఉంది అని. అప్పుడు తల్లుల మాట విన్నాం, ఇప్పుడు పిల్లల మాట కూడా వినాలి.

మా సంగతి కూడా చెప్పాలి. ఆషాఢం ఆఫర్లు, అక్షయ తృతీయ బంగారం, ఇవన్నీ మా మొదటి పేజీలోనే నిండా వస్తాయి, ఆ డబ్బుతోనే ఈ పేపర్ అచ్చవుతుంది, ఆ అమ్మాయి మూడో పేజీలో ఈ మాట కూడా అడిగింది. యాడ్స్ ఆపేస్తాం అని మేము అబద్ధం చెప్పం. కానీ "ఆడపిల్ల ఉంటే బంగారం తప్పదు" అనే మాట ఉన్న ప్రకటన ఇకమీదట ఈ పేపర్లో వెయ్యం, షాపులో పని చేసే పిల్లల బాధలకి వారానికి ఒక జాగా ఇస్తాం. ఇది ఆ ఉత్తరం చదివిన రోజే అనుకున్నాం.

చట్టాలు లేక కాదు. వరకట్న నిషేధ చట్టం 1961 నుంచి ఉంది, అందులో 6వ సెక్షన్ ప్రకారం ఎవరి చేతికి ఇచ్చినా ఆ సొమ్ము మూడు నెలల్లోపు పెళ్లికూతురికి అప్పజెప్పాలి, అది ఆమెదే. హిందూ ఉమ్మడి కుటుంబం ఆస్తిలో కూతురికి సమాన వాటా దేశమంతా 2005లో వచ్చింది గానీ మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచే అమల్లో ఉంది. ఐనా ఈరోజుకీ కట్నం ఇచ్చేశాం కదా ఇంక వాటా ఏంది అని సంతకం పెట్టించుకునే ఇళ్లు ఎన్ని. అరెకరం రాయించుకునే హక్కు ఉన్న పిల్ల, ఆ హక్కు వదులుకోవడానికి కావాల్సిన బంగారాన్ని తన జీతంతో తనే కొనుక్కుంటా ఉంది. ఇంత అన్యాయం కళ్ల ముందు జరగతా ఉంటే దీన్ని ఆచారం అని ఎట్టా అంటాం.

ఆ పిల్ల నాయనకి ఈ పేపర్ చేరుతుందని అనుకుంటా ఉన్నాం. అయ్యా, మీ అమ్మాయి స్కీమ్ పాస్‌బుక్ మీద మీ పేరు ఉంది, ఆమె రాసింది. తొమ్మిది కంతులు అయిపోయాయంట, ఇంకా రెండు ఉండాయి. ఈ నెల కంతు కట్టేటప్పుడు షాపులో చెప్పి దాన్ని ఆమె పేరు మీదకి మార్పించండి, ఆఖర్న బంగారం తీసుకునేటప్పుడు హాల్‌మార్క్ ఆరక్షరాల నంబరు చూసుకుని బిల్లు ఆమె పేరునే రాయించండి. దాన్ని మెళ్లో వేసుకుంటదో, కుదువ పెట్టి బీఈడీ ఫీజు కట్టుకుంటదో ఆమెని అడగండి. బీఈడీ చదవాలని ఉందని నాలుగో పేజీలో రాసింది, బహుశా మీకు ఇంకా చెప్పి ఉండదు.