గోల్డెన్ బాల్ గారి దివ్యసముఖమునకు

వరల్డ్ కప్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బహుమతి, మహారాజశ్రీ ఫిఫా గోల్డెన్ బాల్ గారికి, రాజోలు నుంచి ఒక ఫుట్‌బాల్ పిచ్చోడు నమస్కరించి రాసుకొను మనవి. ఇక్కడ మేమంతా క్షేమం. కొబ్బరికాయ ధరే బాగోలేదు. అది తమరి శాఖ కాదు గనక వదిలేద్దాం.

తమరు 1982లో పుట్టారు. చిన్నతనంలో తమరి నడవడి బానే ఉండేదండి. ముందు పావ్లో రోసీ, తర్వాత మారడోనా, ఇద్దరూ కప్పు ఎత్తినవాళ్ళే. 1990లో ఇటలీకి మూడో స్థానమే వచ్చినా స్కిలాచీ ఇంటికి వెళ్ళారు. బెంచీ మీంచి లేచొచ్చి ఆరు గోల్స్ కొట్టినవాడు కదా, మేమూ నోరెత్తం. 1994లో రొమారియో, అదీ న్యాయమే. ఆ తర్వాతే ఏం తిక్క పుట్టిందో గానీ, గెలిచినవాడి మొహం చూడనని ఒట్టేసుకున్నారు. 1998లో బ్రెజిల్ రొనాల్డో, 2002లో ఒలివర్ కాన్, 2006లో జిదాన్, 2010లో ఫోర్లాన్, 2014లో మెస్సీ, 2018లో మోద్రిచ్. వరసగా ఆరు వరల్డ్ కప్పులు, ఒక్కడి జట్టూ కప్పు ఇంటికి తీసుకెళ్ళలేదు. ఫోర్లాన్ గారి ఉరుగ్వే అయితే ఏకంగా నాలుగో స్థానం.

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడంటారు మావాళ్ళు. తమరి కోర్టులో ఓడినవాణ్ణి స్టేజీ ఎక్కించి, చేతిలో తమరిని పెట్టి, కెమెరాల ముందు ఏడిపిస్తారు. 2014లో మెస్సీ మొహం గుర్తుందా తమరికి? ఆ టోర్నీలో ఆయన కొట్టిన నాలుగు గోల్సూ గ్రూప్ దశలోనే. తమరు ఆయన దగ్గరికి వెళ్ళినందుకు అప్పటి ఫిఫా పెద్ద సెప్ బ్లాటర్ గారే కొంచెం ఆశ్చర్యపోయానన్నారు. ఇంటి యజమానికే తెలియకుండా పెళ్ళి జరిగిందన్నమాట.

2002లో జర్మనీ గోల్‌కీపర్ కాన్ గారి సంగతి మరీ జాలి. ఫైనల్ దాకా ఆయన్ని దాటింది ఒక్కటే గోలు. ఆ లెక్క చూసి మురిసిపోయి, తమరు ఎవరికి దక్కాలో తేల్చే విలేఖరులు ఓట్లు వేసేశారు. తీరా యొకొహామాలో రివాల్డో కొట్టిన బంతి ఆయన చేతుల్లోంచి జారడం, రొనాల్డో దాన్ని లోపలికి తోసేయడం, తర్వాత ఇంకోటి కొట్టడం, అన్నీ చకచకా అయిపోయాయి. ఎనిమిది గోల్స్ కొట్టి, కప్పు ఎత్తినవాడికి తమరు లేరు. బంతి జారవిడిచిన చేతుల్లో మాత్రం తమరున్నారు.

ఇక 2006. ఇది మాత్రం తీరిగ్గా మాట్లాడుకోవాలండి. బెర్లిన్‌లో ఫైనల్, మాకది అర్ధరాత్రి దాటిన మ్యాచి. ఫైనల్ ముగియకముందే చాలామంది విలేఖరులు ఓట్లు వేసేసి చేతులు కడిగేసుకున్నారు. 110వ నిమిషంలో జిదాన్ గారు ఇటలీ ఆటగాడు మాతెరాజీ గుండెల మీద తలతో కుమ్మి రెడ్ కార్డు పుచ్చుకుని వెళ్ళిపోయారు. ఓట్ల లెక్కలో జిదాన్‌కి 2012 పాయింట్లు, ఇటలీ కెప్టెన్, డిఫెండర్ కన్నవారోకి 1977. టీ కొట్టు దగ్గర మా బాబాయ్ అడిగాడు:

"గెలిచిందెవడ్రా?"

"ఇటలీ, బాబాయ్."

"మరి బంతి?"

"ఫ్రాన్స్ వాడికి. తలతో కుమ్మాడే, ఆయనకి."

"ఆయ్, అలా చెప్పు. పొట్టేళ్ళ పందెం అనుకుని ఉంటార్రా."

కన్నవారో ఏం పాపం చేశాడండీ? ఒక్క పసుపు కార్డు కూడా లేకుండా ఆడాడు. టోర్నీ మొత్తమ్మీద ఇటలీ గోల్లోకి వెళ్ళినవి రెండే: ఒకటి సొంతవాడు వేసుకున్నది, ఇంకోటి ఫైనల్లో ఇదే జిదాన్ గారి పెనాల్టీ. గోల్స్ కొట్టినవాడికి గోల్డెన్ బూట్ ఉంది. ఆపినవాడికి గోల్డెన్ గ్లవ్ ఉంది. కుర్రాడికి వేరే బహుమతి ఉంది. కాళ్ళడ్డం పెట్టి పళ్ళూడగొట్టుకునేవాడికి? 2022 దాకా తమరు ఒక్క డిఫెండర్ గడప తొక్కిన పాపాన పోలేదు.

తమరి యూరప్ తమ్ముణ్ణి, అదే యూరో కప్ ఉత్తమ ఆటగాడి బహుమతిని, చూసైనా నేర్చుకోవద్దూ! 1996లోనే వెనక ఆడే జర్మనీ జామర్‌ని వెతుక్కుంటూ వెళ్ళాడు. 2024 దాకా ఫ్రాన్స్ గ్రీజ్‌మన్ ఒక్కణ్ణి వదిలేస్తే మిగతా అందరూ గెలిచిన జట్టువాళ్ళే. 2024లో స్పెయిన్ రోడ్రి ఫైనల్లో సగం ఆటకే దెబ్బ తగిలి బయట కూర్చున్నా ఆయన్నే వరించాడు. తమరు మాత్రం 2022లో మెస్సీ కప్పూ తమరినీ కలిపి పట్టుకునేదాకా, 28 ఏళ్ళు అలిగి కూర్చున్నారు.

మా ఊళ్ళో సంక్రాంతి కబడ్డీకి బెస్ట్ రైడర్‌కో కప్పు, బెస్ట్ క్యాచర్‌కో కప్పు. కాలు పట్టుకుని వదలనివాడు లేకపోతే ఆటేముందని మా సర్పంచి గారి వాదన. అందుకని మేం ఒక నిర్ణయానికొచ్చాం. వరల్డ్ కప్ బెస్ట్ క్యాచర్ బహుమతి మేమే పెడతాం. దాత సిద్ధం, రొయ్యల చెరువుల ఆసామి. కప్పు మీద ఆటగాడి పేరు కంటే స్వర్గస్తులైన ఆయన నాన్నగారి పేరు పెద్దక్షరాల్లో ఉండాలి, అంతే. తమరు కూడా మెడలో అడిడాస్ బోర్డు వేసుకునే తిరుగుతున్నారు గనక అభ్యంతరం ఉండదనుకుంటాను. అమలాపురంలో అడ్వాన్సు కూడా ఇచ్చేశాం. ఆటగాడి పేరు చెక్కే చోటు మాత్రం ఖాళీగా ఉంచమన్నాం, మ్యాచి అయిపోయాక చెప్తామని.

ఇట్లు,
తమరి విధేయుడు