టికెట్ డబ్బుకు కాపలా ఎవరు?

సెలవుల ప్రయాణానికి నాలుగైదు నెలల ముందే విమానం టికెట్లు కొంటాం. ముందుగా కొంటే చౌక అని కంపెనీలే ఊదరగొడతాయి, చాలాసార్లు అది నిజం కూడా. కానీ ఈ నాలుగైదు నెలలూ మన డబ్బు ఎక్కడుంటుందని ఎప్పుడైనా అడిగామా? చాలా దేశాల్లో అది ఎక్కడా విడిగా ఉండదు. కట్టిన వెంటనే సంస్థ ఖాతాలో కలిసిపోయి ఇంధనం బిల్లులకో, జీతాలకో, విమానాల అద్దెకో వెళ్లిపోతుంది. సీటు కొన్నామని మనం అనుకుంటాం గానీ నిజానికి మనం చేసింది అప్పివ్వడం, అదీ వడ్డీ లేకుండా, హామీ లేకుండా, ఎదుటివాడి ఆర్థిక పరిస్థితి ఏమిటో కనుక్కోకుండా. సంస్థ నడుస్తున్నంతకాలం ఈ తేడా ఎవరికీ పట్టదు.

మూతపడితే ఏమవుతుందో ఇప్పటికే చాలాసార్లు చూశాం. భారత విమానయాన సంస్థ గో ఫస్ట్ 2023 మే 2న తనంతట తానే దివాలా పిటిషన్ వేసింది. మొదట మూడు రోజుల సర్వీసులు రద్దన్నారు, తర్వాత ఇంకొన్ని రోజులన్నారు, ఇలా తేదీ జరుపుకుంటూ పోయారు, ఆ విమానాలు మళ్లీ ఎగరనే లేదు. 2025 జనవరిలో దివాలా కేసులు చూసే కంపెనీ లా ట్రిబ్యునల్ ఆ సంస్థ ఆస్తులు అమ్మేయమని ఆదేశించింది. అంతకుముందు 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది. ఇది ఒక్క దేశానికి పట్టిన జబ్బు కాదు. బ్రిటన్‌లో మొనార్క్ 2017 అక్టోబర్ 2 తెల్లవారుజామున చేతులెత్తేస్తే దాదాపు 1,10,000 మంది విదేశాల్లో చిక్కుకుపోయారు. ప్రైమెరా ఎయిర్ 2018 అక్టోబర్ మొదట్లో, సొంత విమానాలున్న బ్రిటన్ టూర్ కంపెనీ థామస్ కుక్ 2019 సెప్టెంబర్ 23న (ఇండియాలో అదే పేరున్న కంపెనీ వేరు) మూతపడ్డాయి. ఈ మూడు తేదీలూ ఒకే కాలానివి కావడం కాకతాళీయం అనుకోలేం. యూరప్‌లో వేసవి సీజన్ డబ్బు ముందే చేతికొచ్చి ఖర్చయిపోతుంది, సీజన్ అయ్యేసరికి కొత్త బుకింగులు పలచబడతాయి, వేసవి బిల్లులు మాత్రం అప్పుడే గుమ్మంలోకి వస్తాయి. అప్పటికే నీరసించిన సంస్థ ఆ చలికాలం దాటలేదు.

మాకు అన్నిటికన్నా కోపం తెప్పించే విషయం వేరే ఉంది. విమానయాన సంస్థతో లావాదేవీలున్న ప్రతివాళ్లూ తమ జాగ్రత్తలో తాము ఉన్నారు. అనుమానం వచ్చిందంటే ఇంధనం కంపెనీ అరువు ఆపేసి రోజు డబ్బు రోజు కట్టమంటుంది. విమానాలు అద్దెకిచ్చినవాళ్లకు కేప్‌టౌన్ ఒప్పందం అనే అంతర్జాతీయ రక్షణ ఉంది, అద్దె కట్టకపోతే విమానాన్ని వెనక్కి తీసుకునే హక్కు అది, 2001లోనే కుదిరింది. గో ఫస్ట్ విషయంలో ఆ విమానాలు దివాలా ప్రక్రియలో ఇరుక్కుపోయాయని లీజు కంపెనీలు గట్టిగా పోరాడితే, 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఆ కంపెనీలు వెనక్కి తీసుకెళ్లేలా 54 విమానాల రిజిస్ట్రేషన్ రద్దు చేయమని చెప్పింది, ఆ మరుసటి ఏడాది ఈ రక్షణ కోసం భారత పార్లమెంటు ఏకంగా ప్రత్యేక చట్టమే చేసింది. కార్డు చెల్లింపులు చూసే సంస్థలైతే ఇంకో అడుగు ముందున్నాయి, పరిస్థితి బాగోలేదనిపిస్తే టికెట్ సొమ్ములో కొంత ప్రయాణం అయ్యేదాకా తమ దగ్గరే పట్టి ఉంచుతాయి. 2008లో అమెరికాలో ఫ్రాంటియర్ ఎయిర్‌లైన్స్ దివాలా రక్షణ కోరడానికి తక్షణ కారణం ఇదే, కార్డు సంస్థ ఎక్కువ సొమ్ము పట్టి ఉంచుతానంది. చూడండి, ప్రయాణం అయ్యాకే డబ్బు చేతికివ్వడం అనే పద్ధతి కొత్తదీ కాదు, అసాధ్యమూ కాదు. కాకపోతే అది కార్డు సంస్థ క్షేమం కోసం పుట్టింది, ప్రయాణికుడి కోసం కాదు.

ఇక అప్పుల పంపకం మొదలయ్యాక మన వంతు ఎక్కడో వేరే చెప్పాలా? భారత దివాలా చట్టంలోనే చూస్తే ముందు దివాలా ప్రక్రియ ఖర్చులు, తర్వాత కార్మికుల బకాయిలు, తాకట్టు పెట్టుకున్న బ్యాంకులు, మిగతా ఉద్యోగుల జీతాలు, హామీ లేని ఆర్థిక రుణాలు, ప్రభుత్వ బాకీలు, ఇవన్నీ అయ్యాకే ‘మిగిలిన అప్పులు’. టికెట్ కొన్నవాడు ఆ మిగిలినవాళ్లలో ఉంటాడు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫరవాలేదంటారు, ఇక్కడ వడ్డించేవాడూ మనవాడు కాడు, పంక్తి దాకా గిన్నె రావడమూ అరుదు. క్లెయిమ్ ఫారం నింపి, పత్రాలు జతచేసి, ఏళ్ల తరబడి ఎదురుచూసి చివరికి రూపాయికి పైసలు కూడా రాని పని అది.

కొన్ని దేశాల్లో రక్షణ ఉంది, కానీ అది చిత్రంగా ఉంది. బ్రిటన్‌లో 1973 నుంచి అటాల్ అనే పథకం నడుస్తోంది. విమానంతో కూడిన ప్యాకేజీ టూర్ అమ్మే కంపెనీ మనిషికి 2.50 పౌండ్ల చొప్పున నిధికి కడుతుంది, కంపెనీ మునిగితే ఆ నిధి డబ్బు తిరిగిస్తుంది, విదేశంలో ఉన్నవాళ్లను ఇంటికి చేరుస్తుంది. యూరోపియన్ యూనియన్‌లోనూ ప్యాకేజీలకు 2015 నాటి ఆదేశం కింద రక్షణ తప్పనిసరి. అదే విమానంలో పక్క సీటువాడు నేరుగా ఎయిర్‌లైన్ సైట్లో ఒక్క టికెట్టే కొన్నాడనుకోండి, వాడికి ఇవేవీ వర్తించవు! ఇద్దరూ కట్టింది డబ్బే, ఇద్దరికీ ఆగింది అదే విమానం. మొనార్క్ ఆగినప్పుడు ఈ తేడా చూపించి జనాన్ని బయట వదిలేయలేక బ్రిటన్ ప్రభుత్వమే అందరినీ వెనక్కి తెచ్చుకుంది, ఆ ఖర్చులో చాలాభాగం పన్ను కట్టేవాళ్ల మీదే పడింది. రక్షణ ఉందనుకున్నచోట కూడా చిల్లులుంటాయి. థామస్ కుక్ జర్మనీ శాఖ కూలినప్పుడు బీమా కంపెనీ బాధ్యత 11 కోట్ల యూరోల దగ్గర ఆగిపోయింది, నష్టం అంతకన్నా చాలా ఎక్కువ, మిగతాది ప్రభుత్వం భరించాల్సి వచ్చింది. 2021లో జర్మనీవాళ్లు ఇందుకోసం కొత్త నిధి పెట్టుకున్నారు.

విమానయాన సంస్థల వాదన మాకు తెలుసు. ముందస్తు డబ్బు వాడుకోనివ్వకపోతే బ్యాంకుల దగ్గర అప్పు చేయాలి, దానికి వడ్డీ కట్టాలి, ఆ భారం టికెట్ ధర మీదే పడుతుంది అంటారు. పడుతుంది, కాదనం. కానీ దాని అర్థం ఇప్పటిదాకా ఆ వడ్డీని మాఫీ చేస్తున్నది ప్రయాణికుడనే కదా. అందరి దగ్గరా వసూలు చేసి రక్షణ నిధి పెడితే గట్టిగా ఉన్న సంస్థల ప్రయాణికులు బలహీన సంస్థల తప్పులకు ఎందుకు చందా కట్టాలన్న ప్రశ్నలో మాత్రం కొంత న్యాయం ఉంది. దానికి జవాబు అందరికీ ఒకే రేటు పెట్టకపోవడం, రిస్కు ఎక్కువున్న సంస్థ దగ్గర ఎక్కువ వసూలు చేయడం. బీమా కంపెనీలు రోజూ చేసే లెక్కే అది.

చట్టాలు వచ్చేదాకా ఆగలేని వాళ్లకు ఒక మాట. వీలైతే క్రెడిట్ కార్డుతో కొనండి. సేవ అందకపోతే చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు కార్డు బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించమని అడగొచ్చు, అయితే దానికి గడువుంటుంది, చాలా కార్డుల్లో ప్రయాణం తేదీ నుంచి 120 రోజులు, కాబట్టి సంస్థ ‘త్వరలో మళ్లీ మొదలవుతాం’ అంటోందని కూర్చోకండి. బుకింగ్ కాపీ, రద్దు చేసినట్టు వచ్చిన మెయిల్, కార్డు స్టేట్‌మెంట్ దాచుకోండి. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకైతే 100 పౌండ్లకు పైబడి 30,000 పౌండ్ల దాకా ధర ఉన్నవాటికి కార్డు కంపెనీ కూడా చట్టప్రకారం బాధ్యత వహించాలి, కానీ మధ్యలో బుకింగ్ సైటో ఏజెంటో ఉంటే ఆ హక్కు తెగిపోయే ప్రమాదం ఉంది. ప్రయాణ బీమా ఉంది కదా అని ధీమా పడొద్దు, అనారోగ్యానికీ సామాను పోవడానికీ ఇచ్చే పాలసీల్లో చాలావాటిలో ఎయిర్‌లైన్ దివాలా ఉండనే ఉండదు, ఉన్నా సంస్థ ఇబ్బందుల్లో ఉందని వార్తలొచ్చాక కొంటే చెల్లకపోవచ్చు. ఆ ఒక్క పేరా చదివి కొనండి. రద్దయిన టికెట్‌కు డబ్బు బదులు క్రెడిట్ షెల్ (తర్వాతి టికెట్‌కు వాడుకునే జమ) ఇస్తామంటే వద్దనండి, అది కూడా అదే సంస్థ రాసిచ్చే ఇంకో అప్పు పత్రమే. ఏజెంట్ ద్వారా కొంటే రీఫండ్ మన ఖాతాకి వస్తుందా, లేక సంస్థ దగ్గరున్న ఏజెంట్ వ్యాలెట్‌లోకి పోతుందా అని ముందే అడగండి, రెండోదైతే సంస్థ మునిగిన రోజున పాపం ఏజెంటు కూడా మనతో పాటే మునుగుతాడు.

ఇంత టెన్షన్ ప్రయాణికుడి నెత్తినే ఎందుకు ఉండాలన్నది మా ప్రశ్న. అమెరికాలో పబ్లిక్ చార్టర్ విమానాలకు ప్రయాణికుల సొమ్ము నిర్వాహకుడి చేతికి నేరుగా ఇవ్వకుండా ఎస్క్రో ఖాతాలో, అంటే పని అయ్యేదాకా మూడోవాళ్ల దగ్గర విడిగా ఉంచే నిబంధన ఎప్పటినుంచో ఉంది. చిక్కుకుపోయినవాళ్లను వెనక్కి తేవడానికి సగటున టికెట్‌కు 50 పెన్నీల లోపు వసూలు చేస్తే చాలని బ్రిటన్ ప్రభుత్వం వేసిన కమిటీయే 2019లో చెప్పింది, ఆ సిఫార్సు చట్టం కాలేదు. అన్నీ ఒక్కసారిగా చేయమని మేం అడగడం లేదు. విమానాల అద్దెలు, విమానాశ్రయం బకాయిలు, జీతాలు ఆగిపోతున్నాయన్న సంగతి నియంత్రణ సంస్థకు మనందరికన్నా ముందే తెలుస్తుంది. తెలిసిన రోజు నుంచి ఆ సంస్థ అమ్మే ప్రతి ముందస్తు టికెట్ సొమ్మునూ విమానం ఎగిరేదాకా ఎస్క్రోలో పెట్టమని ఆదేశించే అధికారం ఆ నియంత్రణ సంస్థకు ఇవ్వండి, ఆ ఆదేశాన్ని బుకింగ్ పేజీలో చెల్లింపు బటన్ పైనే కనిపించేలా చేయండి.